ఆగమన్న కంప్యూటర్, సరేనన్న కంప్యూటర్

సూళ్లూరుపేట నుంచి తూర్పుకు తిరిగితే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. ఎండాకాలమైతే రెండు వైపులా నెర్రెలిచ్చిన నేల, వానలు పడితే కనుచూపు మేర నీళ్లు, చలికాలమైతే ఆ నీళ్లలో గుంపులు గుంపులుగా ఫ్లెమింగోలు. సరస్సు దాటాక వచ్చే దీవి శ్రీహరికోట. చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నోట్లో మాత్రం అది ‘షార్’. మావాడు షార్‌లో చేస్తాడంటే చాలు, ఒకప్పుడు పెళ్లిచూపుల దగ్గర ఉద్యోగం గురించి మరో ప్రశ్న ఉండేది కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసింది. నెల్లూరు వాళ్లు మాత్రం రాకెట్ ఎగిరిన ప్రతిసారీ అది తమదేనన్నట్టు డాబా ఎక్కి చూస్తూనే ఉన్నారు.

షార్ గురించి రాసేవాళ్లంతా రాకెట్ల గురించే రాస్తారు. ఆ దీవికి ఇంకో చరిత్ర ఉంది. మనిషీ కంప్యూటరూ ఒకే గదిలో కూర్చుని ఒకే నిర్ణయం కోసం పేచీ పడిన చరిత్ర అది. ఇవాళ చెన్నై ఓఎంఆర్‌లోనూ, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనూ, హైదరాబాద్ మాదాపూర్‌లోనూ పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఏఐ రాసిచ్చిన కోడ్‌ను ఎంతవరకు నమ్మాలని రోజూ మల్లగుల్లాలు పడుతున్నారు. వాళ్లలో గూడూరు, కావలి, నాయుడుపేట పిల్లలు బోలెడుమంది. వాళ్ల సొంత తీరంలో ఈ గొడవ 1979లోనే ఒకసారి జరిగింది. అప్పుడు కంప్యూటర్ ఒక మాట చెప్పింది, మనుషులు వినలేదు, రాకెట్ బంగాళాఖాతంలో పడింది.

అంతకు పదేళ్ల ముందు ఆ దీవిలో కంప్యూటర్ మాట అటుంచి, సరైన రోడ్డే లేదు. సరుగుడు తోటలు, అడవి, పడమటి వైపు బకింగ్‌హాం కాలువ. ఆ కాలువ మీదుగా పడవల్లో మద్రాసుకు వంటచెరకు పోయేది. దీవిలో తరతరాలుగా ఉన్నవాళ్లు యానాదులు. తూర్పున అడ్డులేని సముద్రం, భూమధ్యరేఖకు మరీ దూరం కాని చోటు, జనం పలచగా ఉండటం – ఈ మూడూ చూసి 1969లో విక్రం సారాభాయ్ బృందం శ్రీహరికోటను ఎంచుకుంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్ ఇక్కడి నుంచి లేచింది. ఆ రాకెట్ల రాకతో యానాదుల బతుకు ఏమైందన్నది ఇంకో వ్యాసానికి సరిపడా కథ. దాన్ని రెండు వాక్యాల్లో చెప్పి దాటేయడం న్యాయం కాదు.

సౌండింగ్ రాకెట్‌కు పెద్దగా ఆలోచన అక్కర్లేదు. వెలిగిస్తే పైకి పోతుంది, కొలతలు పంపుతుంది, పడిపోతుంది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టే రాకెట్ అలా కాదు. దాంట్లో దశలుంటాయి, ఒక్కో దశకూ కవాటాలు, బ్యాటరీలు, పీడనాలు, గైరోలు. బయటివాళ్లకు కౌంట్‌డౌన్ అంటే పది, తొమ్మిది, ఎనిమిది. లోపలివాళ్లకు అదొక పొడవాటి జాబితా. ఒక్కో అంశం సరిగ్గా ఉందా లేదా చూసి టిక్కు పెట్టుకుంటూ పోవాలి. చివరి నిమిషాల్లో ఆ జాబితా ఎంత వేగంగా నడుస్తుందంటే, మనుషుల కళ్లు అందుకోలేవు. అందుకే ఆ భాగం కంప్యూటర్ చేతిలో పెట్టారు.

ఇది ఏ రోజుల సంగతో గుర్తు పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో ఏ.ఎస్. రావు నాయకత్వంలో ఈసీఐఎల్ పుట్టింది 1967లో. టీడీసీ-12 అనే దేశీయ కంప్యూటర్ బయటికి వచ్చింది 1969లో. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇంకా స్లైడ్ రూల్ జేబులో పెట్టుకుని తిరిగే కాలం. కంప్యూటర్ చెప్పినదాన్ని కాగితం మీద మళ్లీ లెక్కేసి చూసుకుంటే తప్ప మనసొప్పని తరం వాళ్లది. ఆ అలవాటు మంచిదే. అయితే అదే అలవాటు ఒక రోజు వాళ్ల కొంప ముంచింది.

1979 ఆగస్టు 10. ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. 23 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు, నాలుగు దశలు. ప్రాజెక్టుకు ఏళ్ల తరబడి సారథ్యం వహించిన ఏపీజే అబ్దుల్ కలాం ఆ రోజు మిషన్ డైరెక్టర్. ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటర్ తన జాబితా తాను చూసుకుంటూ వచ్చి ప్రయోగాన్ని నిలిపేసింది. తెర మీద కనిపించింది రెండో దశ నియంత్రణ వ్యవస్థలో తేడా. నైట్రిక్ ఆమ్లం కారుతోంది.

పక్కనున్న నిపుణులు లెక్కలు వేశారు. కారిపోతున్నది ఎంత, ట్యాంకులో ఉన్నది ఎంత, అవసరమైనది ఎంత. నిల్వ సరిపోతుంది, ఫరవాలేదన్నారు. కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి మాన్యువల్ పద్ధతిలో ప్రయోగానికి ఆదేశమిచ్చారు. ఈ సంగతి ఆయనే తర్వాత దేశదేశాల సభల్లో దాపరికం లేకుండా చెప్పుకున్నారు.

ఉదయం 7.58కి రాకెట్ లేచింది. మొదటి దశ పని చక్కగా ముగిసింది. రెండో దశలో పట్టు తప్పింది. 317 సెకన్లకు కథ ముగిసి, శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరాన సముద్రంలో పడింది.

తర్వాత జరిగిన విశ్లేషణే ఈ కథలో అసలు ఘట్టం. ఆమ్లం ట్యాంకు దగ్గరున్న ఒక సోలెనాయిడ్ కవాటం ప్రయోగానికి ఎనిమిది నిమిషాల ముందు వచ్చిన మొదటి ఆదేశానికి తెరుచుకుంది. మళ్లీ మూసుకోలేదు. లోపల ఏదో మలినం ఇరుక్కుంది. దాంతో ఆమ్లం ధారగా పోతూనే ఉంది. రెండో దశకు దిశ మార్చే శక్తి కావాల్సి వచ్చేసరికి ఇంధనం మాత్రమే వచ్చింది, దాన్ని మండించాల్సిన ఆమ్లం లేదు. నిపుణులు లెక్క తప్పు చేయలేదు. ‘ఇప్పటిదాకా ఎంత కారింది’ అన్నది చూశారు. ‘ఎందుకు కారుతోంది’ అన్న ప్రశ్నకు జవాబు లేకుండానే ముందుకు పోయారు. కంప్యూటర్‌కూ ఆ జవాబు తెలియదు. ఏదో తేడాగా ఉందని మాత్రమే దానికి తెలుసు. కారణం తెలియని చోట ఆగిపోవడం దానికి నేర్పారు కాబట్టి ఆగింది.

సమీక్ష సమావేశంలో కారణాలన్నీ సాంకేతికంగా తేలాయి, అందరూ తృప్తి పడ్డారు. కలాం లేచి, ఆ లీకేజీని చిన్న విషయమని తీర్మానించింది తానేననీ, ప్రయోగాన్ని ఆపాల్సిందనీ ఒప్పుకుని బాధ్యత నెత్తిన వేసుకున్నారు. ధావన్ ఆయన్ను వదులుకోలేదు. విలేకరుల ముందుకు తానే వెళ్లి వైఫల్యాన్ని తన ఖాతాలో రాసుకున్నారు. 1980 జులై 18న రెండో ప్రయత్నం ఫలించినప్పుడు మాత్రం విలేకరుల సమావేశం నిర్వహించమని కలాంను పంపారు. ఈ ఉదంతాన్ని నాయకత్వ పాఠంగా మేనేజ్‌మెంట్ తరగతుల్లో చెబుతుంటారు. ఆ పాఠం నిజమే కానీ, సాఫ్ట్‌వేర్ పనివాళ్లకు అందులో ఇంకోటి ఉంది. తప్పు ఒప్పుకున్న మనిషికి ఉద్యోగం పోలేదు. అందువల్లే ఆ కవాటం కథ పూసగుచ్చినట్టు బయటికి వచ్చింది, పుస్తకాలకెక్కింది. శిక్ష భయం ఉన్న చోట నిజమైన లాగ్ ఎవరూ రాయరు.

ఆ తర్వాత వచ్చిన ఏఎస్‌ఎల్‌వీ 1987లోనూ 1988లోనూ విఫలమైంది. 1992 మే 20న గానీ గట్టెక్కలేదు. వాటి కారణాలు వేరు, ఇక్కడ వాటి జోలికి పోనక్కర్లేదు. మన కథకు కావాల్సింది 1993.

ఆ ఏడాది సెప్టెంబరు 20న పీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం. ఐఆర్‌ఎస్-1ఇ ఉపగ్రహాన్ని మోసుకుని లేచింది. మొదటి రెండు దశలూ బాగానే పనిచేశాయి. రెండో దశ విడిపోయే వేళ అనుకోని కుదుపు వచ్చింది. ఆ కుదుపును సరిచేయడానికి రాకెట్‌లోని కంప్యూటర్ పెద్ద ఆదేశమే ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఆదేశం విలువ నిర్ణీత గరిష్ఠాన్ని దాటింది. సరిగ్గా ఆ గీత దాటినప్పుడు మాత్రమే నిద్రలేచే తప్పొకటి పిచ్ నియంత్రణ, అంటే రాకెట్ ముక్కు పైకీ కిందికీ వంగడాన్ని అదుపు చేసే సాఫ్ట్‌వేర్‌లో దాగి ఉంది. రాకెట్ కక్ష్యకు చేరలేదు, ఉపగ్రహం పోయింది.

నెల్లూరు తీరంలో ఇది పేరుపెట్టి చెప్పదగిన మొదటి సాఫ్ట్‌వేర్ బగ్. రాకెట్ మామూలుగా ఎగిరి ఉంటే అది బయటపడేదే కాదు. ఈనాటి ఇంజనీర్ ఎవరైనా దాన్ని వెంటనే గుర్తుపడతాడు. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు నడిచే దారి కాకుండా, ఎప్పుడో కానీ ఎవరూ తొక్కని పక్కదారిలో కూర్చునే తప్పు అది. పదమూడు నెలలు తిరగకముందే, 1994 అక్టోబరు 15న, పీఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగం విజయవంతమైంది. చంద్రయాన్-1, మంగళయాన్, 2017 ఫిబ్రవరిలో ఒకే విడతలో 104 ఉపగ్రహాలు – అన్నీ ఆ రాకెట్ మోసినవే.

పీఎస్‌ఎల్‌వీ తొలి వైఫల్యం తర్వాత మూడేళ్లు తిరగకుండానే భూమికి ఆ వైపున, ఫ్రెంచ్ గయానాలోని కురూలో, ఇలాంటి తప్పే ఇంకా ఘోరంగా బయటపడింది. 1996 జూన్ 4న ఐరోపా రాకెట్ ఏరియాన్-5 తొలి ప్రయోగం. లేచిన నలభై సెకన్లలోపే ముక్కలైంది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గదిలోకి కుక్కబోతే పట్టలేదు, దిశను కొలిచే కంప్యూటర్ చేతులెత్తేసింది. ఆ కోడ్ ఏరియాన్-4 నుంచి తెచ్చుకున్నది. పాత రాకెట్ వేగానికి ఆ సంఖ్య ఎప్పుడూ అంత పెద్దది కాలేదు. ఇలాంటి ప్రమాదం ఉన్న ఏడు చరరాశుల్లో నాలుగింటికి రక్షణ పెట్టి, కంప్యూటర్ మీద భారం పెరుగుతుందని మూడింటిని వదిలేశారు. ఎందుకు వదిలారో ఆలోచించే వదిలారు. అయితే ఆ కారణం కోడ్‌లో ఎక్కడా రాసి లేదని విచారణ బృందం తేల్చింది. కొత్త రాకెట్ వాళ్లకు కోడ్ అందింది, దాని వెనకున్న ఆలోచన అందలేదు.

ఈ విషయం మీద కాసేపు ఆగడం అవసరం. ఇవాళ్టి ఏఐ సాధనాలు చేసే పని దాదాపు ఇదే. వేలాది మంది వేలాది అవసరాల కోసం రాసిన కోడ్‌ను చదివి, దాని పోలికలోనే కొత్త కోడ్ రాసిస్తాయి. ఎవరో ఎక్కడో ఒక తనిఖీ పెట్టారు, ఇంకొకరు ఏదో కారణంతో పెట్టలేదు. ఆ కారణం కోడ్‌లో లేదు, కాబట్టి సాధనానికీ అందలేదు. వచ్చిన కోడ్ మాత్రం నిగనిగలాడుతుంటుంది.

కురూ నుంచి మళ్లీ మన తీరానికి వస్తే, 2001 మార్చి 28. జీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం. ఈ రాకెట్‌లో చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన ఇంజన్లు దాదాపు ఐదు సెకన్ల ముందే మండుతాయి. నాలుగూ సరిగ్గా శక్తి పుంజుకున్నాయని కంప్యూటర్ నిర్ధారించుకున్నాకే మధ్యలో ఉన్న ఘన ఇంధన దశను వెలిగిస్తుంది. ద్రవ ఇంజన్‌ను ఆపొచ్చు. ఘన ఇంధనం అంటుకుందంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు నాలుగింటిలో ఒకటి శక్తి అందుకోలేదు. ఇక సెకను ఉందనగా కంప్యూటర్ నాలుగు ఇంజన్లనూ ఆర్పేసింది. వేదిక మీద మంట, పొగ, చూసేవాళ్ల గుండెల్లో రాయి. కానీ రాకెట్ నిలబడే ఉంది, ఉపగ్రహం భద్రంగా ఉంది. మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 18న, అదే రాకెట్ నింగికెగిరింది.

1979లో కంప్యూటర్‌ను తోసిరాజన్నవాళ్ల వారసులే 2001 నాటికి దాన్ని తోసిరాజనడానికి వీల్లేని చోట కూర్చోబెట్టారు. ఆ సెకనులో కమిటీ కూర్చోదు, లెక్కలు వేయదు. ఎవరూ మాన్యువల్ మీట పట్టుకుని ఉండరు. యంత్రం మీద గుడ్డినమ్మకం పెరిగి అలా చేశారనుకుంటే పొరపాటు. ఏ నిర్ణయం దానికి వదలాలి, ఏది మనిషి దగ్గర ఉంచుకోవాలి అన్నది విడమరిచి పంచుకున్నారు.

మనిషి దగ్గర ఉంచుకున్నదానికి ఉదాహరణ రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం. రాకెట్ లేచాక దారితప్పి జనావాసాల వైపు మళ్లితే దాన్ని గాలిలోనే పేల్చేయాలి. ఇప్పటికిప్పుడు ఇంజన్ ఆగితే శకలాలు ఎక్కడ పడతాయో రాడార్ కొలతల నుంచి కంప్యూటర్ క్షణక్షణం లెక్కగట్టి తెర మీద చూపిస్తుంది. లెక్క కంప్యూటర్‌ది, మీట మనిషిది. 2010 డిసెంబరు 25న, క్రిస్మస్ సాయంత్రం, జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06లో తీగలను కలిపే కనెక్టర్లు ఊడిపోయి ఆదేశాలు ఇంజన్లకు చేరలేదు. రాకెట్ వంకర తిరిగింది. లేచిన నిమిషం దాటిన కొద్ది క్షణాలకే విధ్వంసక ఆదేశం వెళ్లింది. కోట్ల రూపాయల రాకెట్‌ను, ఏళ్ల తరబడి సహోద్యోగులు చేసిన పనిని, సెకన్లలో తీర్మానించుకుని కూల్చేయడం మామూలు గుండెతో అయ్యే పని కాదు.

ఆ గుండె ధైర్యం కోసమేనేమో, సూళ్లూరుపేటలో కాళంగి నది ఒడ్డునున్న చెంగాళమ్మ గుడికి ప్రయోగానికి ముందు ఇస్రో ఛైర్మన్లు వెళ్లి పూజ చేయించడం ఆనవాయితీగా మారింది. దీన్ని ఎకసెక్కాలాడేవాళ్లున్నారు. మిషన్ సంసిద్ధత సమీక్ష, ఆ పైన లాంచ్ ఆథరైజేషన్ బోర్డు – ఇవన్నీ కాగితం మీద సంతకాలతో నడుస్తూనే ఉంటాయి. దండం పెట్టుకోవడం వల్ల ఏ తనిఖీ తగ్గలేదు కాబట్టి గొడవేముంది?

ఇప్పటిదాకా చదివితే యంత్రం ఎప్పుడూ ఒప్పు, మనిషే తప్పు అనిపించొచ్చు. 2022 ఆగస్టు 7 ఆ అభిప్రాయానికి విరుగుడు. ఆ రోజు చిన్న ఉపగ్రహాల కోసం తయారుచేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలిసారి ఎగిరింది. అందులో ఈఓఎస్-02తో పాటు ఆజాదీశాట్ ఉంది. దేశవ్యాప్తంగా 75 పాఠశాలలకు చెందిన 750 మంది ఆడపిల్లలు చేతులు కలిపి కూర్చిన బుల్లి ఉపగ్రహమది. రెండో దశ విడిపోయేటప్పుడు కొద్ది క్షణాలపాటు కంపనం పెరిగింది. వేగంలో మార్పును కొలిచే ఆరు యాక్సెలరోమీటర్లూ ఆ కాస్సేపు కొలత పరిధి దాటిపోయాయి. లోపాల్ని కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఆరూ చెడిపోయాయని తీర్మానించుకుంది. నిజానికి ఒక్కటీ చెడిపోలేదు. అయినా రాకెట్ ఆపద్ధర్మ పద్ధతిలోకి మారి, కొలతల్ని పక్కనపెట్టి ముందే రాసిపెట్టుకున్న దారిలో పోయింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలో ఉండాల్సిన ఉపగ్రహాలు ఒకవైపు 76 కిలోమీటర్ల దాకా దిగొచ్చే కక్ష్యలో పడ్డాయి. అంత కిందికి వస్తే గాలి ఊరుకోదు. రెండూ పోయాయి.

అదే తనిఖీ లేకపోతే ఏమయ్యేదన్న ప్రశ్న వస్తుంది. ఆ క్షణంలో తనిఖీయే లేకపోతే బాగుండేది. మరో రోజు అదే తనిఖీ రాకెట్‌ను కాపాడొచ్చు. ఆరు కొలతలూ ఒకేసారి తప్పనిపించినప్పుడు, ఆరూ చెడిపోయాయా లేక బయట నిజంగానే ఏదో జరిగిందా అని నిర్ణయించే నియమం మనుషులు రాసింది, దాన్నే మనుషులు మార్చారు. విడిపోయే పద్ధతినీ మార్చారు. 2023 ఫిబ్రవరి 10న ఎస్‌ఎస్‌ఎల్‌వీ రెండోసారి ఎగిరి ఆజాదీశాట్-2ను సరైన చోట వదిలింది.

అదే ఏడాది అక్టోబరు 21న, మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం టీవీ-డీ1 పరీక్ష. ప్రమాదం వస్తే వ్యోమగాముల గదిని రాకెట్ నుంచి లాగేసి కాపాడే ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూడటం దాని ఉద్దేశం. ఉదయం 8 గంటలకు అనుకున్నది వాతావరణం బాగోక 8.45కు వాయిదా పడింది. ఐదు సెకన్లుందనగా కంప్యూటర్ ఆపేసింది. దేశమంతా టీవీల్లో చూస్తోంది, అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ తెర మీదికొచ్చి, ఇంజన్ అనుకున్నట్టు అంటుకోలేదనీ, ఎందుకో చూస్తున్నామనీ చెప్పారు. ఇక్కడ 1979తో పోల్చి చూడాల్సిన తేడా ఉంది. ఎవరూ కంప్యూటర్‌ను పక్కన పెట్టలేదు, అలాగని దాని మాటే వేదమని ఆ రోజుకు మూటాముల్లె సర్దుకోనూ లేదు. ఏ కొలత చూసి ఆగిందో వెతికారు. తేడా పర్యవేక్షణలో ఉంది, ఇంజన్‌లో కాదని తేలింది. సరిచేసి పది గంటలకు ఎగరేశారు. గది పారాచూట్లతో సముద్రంలో దిగింది.

ఇలా నలభై నాలుగేళ్లలో ఈ తీరం నేర్పిన యంత్రాలన్నీ ఒకే జాతివి. వాటికి తెలిసిన పెద్ద విద్య ‘ఆగు’ అనడం. మిగతాదంతా మనిషి చేస్తే, సందేహం మాత్రం యంత్రం వంతు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ పక్కన కూర్చున్న కొత్త సాధనం వేరే జాతిది. 2021 జూన్‌లో కోడ్ రాసిచ్చే గిట్‌హబ్ కోపైలట్ కొద్దిమందికి అందుబాటులోకి వచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లలో కోడ్ రాసే పద్ధతే మారిపోయింది. ఈ సాధనం అడిగిందల్లా చేస్తుంది, తడుముకోదు, అర్ధరాత్రి లేపినా విసుక్కోదు. దానికి సులువుగా వచ్చే మాట ‘సరే’. సందేహించే పని తిరిగి మనిషి వంతుకు వచ్చింది. శ్రీహరికోట చేసుకున్న పంపకం తలకిందులైంది.

తలకిందులైనప్పుడు ఏం జరుగుతుందో 2025 జులైలో అమెరికాలో కనిపించింది. రెప్లిట్ అనే సంస్థ ఏఐ ఏజెంట్‌తో ప్రోగ్రాం తయారు చేసుకుంటున్న ఒక వ్యాపారవేత్త, ఇక మార్పులేవీ చేయొద్దని దానికి చెప్పి పెట్టాడు. అయినా అది నడుస్తున్న డేటాబేస్‌ను చెరిపేసింది. పైగా, తిరిగి తెచ్చుకోవడం కుదరదని కూడా చెప్పింది. ప్రయత్నిస్తే కుదిరింది. సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పి, అసలు డేటాను ఏజెంట్ ముట్టుకోకుండా అడ్డుగోడలు కడతామన్నాడు. 1979లో ఆగమన్నది యంత్రం, ఆగనిది మనిషి. ఇక్కడ ఆగమన్నది మనిషి.

అదే నెలలో మెటర్ అనే పరిశోధన బృందం ఓ అధ్యయనం ప్రచురించింది. తమకు బాగా అలవాటైన పెద్ద ప్రాజెక్టుల మీద పనిచేసే 16 మంది అనుభవజ్ఞులకు 246 పనులిచ్చి, కొన్నింటికి ఏఐ వాడనిచ్చి, కొన్నింటికి వద్దన్నారు. ఏఐ వాడినప్పుడు పని 19 శాతం ఆలస్యమైంది. పని పూర్తయ్యాక వాళ్లనడిగితే మాత్రం 20 శాతం తొందరగా అయిందని చెప్పారు. పదహారు మందితో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. సాధనాలూ అప్పటినుంచి మెరుగయ్యాయి. కొత్త భాష నేర్చుకునేవాడికి, చిన్న ప్రోగ్రాం కావాల్సినవాడికి వీటివల్ల మేలే జరుగుతోంది. కానీ తమ వేగాన్ని తామే తప్పుగా అంచనా వేసుకున్న నిపుణుల సంగతి చదువుతుంటే, నిల్వ సరిపోతుందన్న ఆనాటి లెక్కలు గుర్తురాక మానవు.

నెల్లూరు తీరానికి తెలిసిన పనిలోనే ఒక ఉదాహరణ అనుకుందాం. సముద్రం పొడవునా రొయ్యల చెరువులున్నాయి. చెరువు పట్టినప్పుడు ధర కౌంట్ లెక్కన కడతారు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నది. కిలోకు 30 తూగితే పెద్ద రొయ్య, మంచి ధర. 100 తూగితే చిన్న రొయ్య, తక్కువ ధర. అంకె పెరిగేకొద్దీ ధర తగ్గాలి. ఇది తీరంలో పిల్లలకు కూడా తెలుసు. కొనుగోలుదారు కోసం బిల్లుల ప్రోగ్రాం రాయమని ఏఐకి చెబితే నిమిషంలో రాసిస్తుంది. రెండు కౌంట్ల మధ్య పడిన సరుకుకు ధర ఎలా కట్టాలో మనం చెప్పకపోతే తనకు తోచినట్టు కడుతుంది. పరీక్షలు కూడా అదే రాస్తుంది, అన్నీ పాసవుతాయి. తన అపార్థానికి తానే పెట్టుకున్న పరీక్ష పాసవక ఏమవుతుంది? మొదటి లోడు తూకం వేసిన రోజు రైతు బిల్లు చూసి గొడవకు దిగేదాకా తప్పు తెలియదు.

ఇలాంటి పని చేసి దెబ్బ తిన్న ఇంజనీర్లు ఇప్పుడు కొన్ని అలవాట్లు చేసుకుంటున్నారు. కోడ్ సాధనంతో రాయించుకున్నా, ఆపే నియమాలు మాత్రం ముందుగా తామే రాసుకుంటారు. 100 కౌంట్ ధర 30 కౌంట్ ధర కంటే ఎక్కువ వస్తే బిల్లు ముద్రించొద్దు, గుమాస్తాకు చూపించు. తూకం సున్నా అయితే ఆగు. ఒక లోడు ధర నిన్నటి ధరకు రెట్టింపైతే ఆగు. నియమం పక్కనే ఎందుకు పెట్టారో తెలుగులోనైనా సరే ఒక వాక్యం రాసిపెడతారు. ఆ వాక్యం కూడా లేకపోతే, వచ్చే నెల ‘ఈ కోడ్‌ను కాస్త శుభ్రం చేసిపెట్టు’ అని అడిగినప్పుడు అదే సాధనం ఆ మూడు లైన్లనూ అనవసరమని తీసేసి, పని పూర్తయిందని చెప్పే అవకాశం ఉంది.